పిల్లియు, పతకమును

మా యింట నెవ్వరైనను ప్రయాణమై గడప దాటబోవు సమయమున రెండు ప్రాణులను ముందునకు రానీయకుండుట చిరకాలముగా వచ్చుచున్న యాచారము. ఒకటి పిల్లి, రెండవవారు మా యక్కగారు. పిల్లిని కేకవేసి తోలుదుము. అక్కగారిని తోలనక్కరలేదు, సమయ మెఱిగి వారే వంటయింటిలోనికి తప్పుకొందురు. ఈ రెండును ఒక్క యాచారమునకే రెండు కొమ్మలని మాకు అరువదియేండ్లు దాటువఱకును తోచలేదు. తోచిన విధమును వ్రాయుచున్నాము. వ్రాయుటకు సిగ్గుగానే యున్నది. కాని పరుల యిండ్లలోని మూఢాచారములను గూర్చి నిస్సంకోచముగా వ్రాసిన కలమునకు సొంతయింటి వసారా దగ్గఱకు రాగానే సిరా యింకిపోవుట న్యాయము కాదు.

మా విడవలూరు నెల్లూరునకు ఈశాన్యమున, పెన్న కావలిగట్టున, సముద్రపుగాలి తగులునంత దూరములో నున్నది. తూర్పునకు పోయినచో రామతీర్థము. నడుమ బకింగుహాము కాలువ. ఒకప్పుడు మొలగొలుకుల వడ్లకు పేరుపొందిన యీ ప్రాంతమున నేడు వరిచేల ప్రక్కనే రొయ్యలగుంటలు తళతళలాడుచుండును. ఎన్ని మాఱినను ధాన్యము మాత్రము మాఱలేదు. ధాన్యమున్న చోట నెలుక, ఎలుక యున్న చోట పిల్లి. మానవుడు పిల్లిని మచ్చిక చేసెనను మాటకంటె, పశ్చిమాసియాలో తొలుత గింజలు నిలువచేసిన రైతుల గాదెల కడకు పిల్లియే నడచివచ్చి కాపురము పెట్టెననుట సత్యమునకు దగ్గఱగా నుండునని శాస్త్రజ్ఞు లందురు. అట్లు నడచివచ్చిన వంశములోనిదే మా చుక్కమ్మ. తెలుపు, నలుపు, పసుపు మూడురంగుల పిల్లి. ఇట్టి మూడురంగులవి నూటికి తొంబదితొమ్మిదికి పైగా ఆడువే యగును. ఆ రంగులలో రెంటిని నిర్ణయించు బీజము స్త్రీత్వమును నిర్ణయించు సూత్రముమీదనే యుండుట దానికి కారణము.

చుక్కమ్మ మా యక్కగారి పిల్లి. ఉదయమున బెస్తలవీధినుండి చేపలగంపతో వచ్చునామె కేక వీధిమొదట వినబడగానే యిది గోడమీద సిద్ధముగా నుండును. అక్కగారు తాము చేప తినుట మానివేసి యెన్నియో యేండ్లయినను, పిల్లికొఱకు రెండు చిన్నచేపలు బేరమాడి కొందురు. రాత్రి వారి మంచముక్రిందనే దాని పడక. మా మేనత్తగారు దీనిని చూచి గొణుగుచుందురు. చంకలో పిల్లిని పెట్టుకొని పెండ్లికి పోయినట్లను సామెత మన దేశమున నెల్లరికిని తెలిసినదే గదా! మేనత్తగారికి ఎనుబదియాఱేండ్లు. వారును భర్తను కోల్పోయినవారే. ఇంట నెవరైనను బయలుదేఱునప్పుడు ఎవ్వరును చెప్పకమునుపే తమ గదిలోనికి పోయి తలుపు దగ్గఱగా వేసికొని, అచ్చటినుండియే "దారి చూడండి!" అని కేకవేయువారు వారే. చెరసాలలో నున్నవారే చెరసాలకు కావలి కాయుట వింత గాదు; బహుకాలము లోపల నున్నవారికి తాళపుచెవి చప్పుడే గడియారమగును.

అక్కగారికి వైధవ్యము సంప్రాప్తించినది 1978లో; అప్పటికి వారికి ఇరువదినాలుగేండ్లు, మాకు పదునేడు. బావగారు కామెర్లతో పోయిరి. పదియవనాటి తంతును మేము చాటుగా చూచితిమి. గాజులు పగులగొట్టిన చప్పుడు పెద్దదేమియు కాదు. మట్టెలు తీయుటకు మాత్రము చాలసేపు పట్టినది, వ్రేళ్లు వాచియుండుటచేత. తాళి, నల్లపూసలు, కమ్మలు ఒక గుడ్డలో మూటకట్టిరి. పుట్టినింటివారు పెట్టిన కాసులదండ ఆ మూటలో కొన్నియేండ్లుండి, తరువాత మా చెల్లెలి పెండ్లికి దాని మెడలోనికి పోయినది. ఇచ్చినవారు అక్కగారే. ఎవ్వరును అడుగలేదని యిన్నాళ్లు మేము చెప్పుకొనుచు వచ్చితిమి. అడుగకుండుటకు అవసరమేమి? ఆమె యిక వేసికొనరని యెల్లర మప్పటికే నిశ్చయించి యుంటిమి.

గత సంక్రాంతికి మా చెల్లెలి కొమార్తె నార్వేదేశమునుండి వచ్చినది. ఓస్లో నగరమున గణకయంత్రముల యుద్యోగము. ఆ పిల్ల మెడలో సన్నని గొలుసునకు వెండిసుత్తి యొకటి వ్రేలాడుచుండెను. భోగినాడు దానిని చూచి మా పొరుగు పెద్దమనిషి "ఏందమ్మణ్ణీ అది, సుత్తా? మఱి కొడవలేదీ?" అని యడిగెను. ఆయన పరిహాసమునకు అడుగలేదు. కమ్యూనిస్టునాయకులు పుచ్చలపల్లి సుందరయ్యగారు 1913లో జన్మించిన అలగానిపాడు మా విడవలూరి మండలములోనిదే. ఈ సీమలో సుత్తి కనబడినచో కొడవలిని వెదకుట సహజము.

మేనకోడలు నవ్వి, అది ప్రాచీన నార్సుజనుల యుఱుముదేవుడగు థోరుని యాయుధమని చెప్పెను. మన యింద్రునకు వజ్రమెట్లో ఆయనకు సుత్తి యట్లు. దాని పేరు మ్యోల్నిర్. వేయేండ్ల క్రిందట డెన్మార్కు, స్వీడను, నార్వేదేశములలో స్త్రీ పురుషులు దీని ప్రతిరూపమును వెండితోను, ఇనుముతోను, తుదకు తృణమణితోను చేయించి మెడను కట్టుకొనిరి. అట్టివి యిప్పటికి సుమారు వేయి దొరకినవి. 2014లో డెన్మార్కునందలి లోలాండుద్వీపమున దొరకిన యొకదానిమీద వారి ప్రాచీనలిపిలో "ఇది సుత్తి" యని చెక్కియున్నదట! చెక్కినవాని కెవ్వరు శంకించిరో తెలియదు గాని, మా పొరుగువారి ప్రశ్నకు వాడు వేయేండ్లు ముందుగనే సమాధానము వ్రాసిపెట్టెను. అదే దేశమున ట్రెండ్‌గార్డెన్ అనుచోట నొక మెత్తనిఱాతి మూస దొరకినది. అందు శిలువకును గుంట యున్నది, సుత్తికిని గుంట యున్నది. క్రైస్తవమతము వచ్చుచున్న పదియవ శతాబ్దమున ఆ కంసాలి యెవ్వరికి కావలసిన దేవుని వారికి పోసియిచ్చుచుండెను. మా యూరి కంసాలివీధిలో ఆంజనేయుని బిళ్ళయు, శిలువయు, చంద్రవంకయు ఒక్క యద్దాలపెట్టెలోనే యుండుట చూచినవారికి ఈ సంగతి వింతగా తోచదు.

మేనత్తగారు మాత్రము పరాయిదేవుని బిళ్ళ ఆడపిల్ల మెడలో నేల యనిరి. మేము పండితులము గనుక కలుగజేసికొంటిమి. స్వీడనులోని హెల్గో యను చిన్నద్వీపమున 1956లో త్రవ్వకములయందు మూడంగుళముల పైచిల్లర కంచుబుద్ధవిగ్రహము బయల్పడినది. భరతఖండపు వాయవ్యమూలను ఆఱవ శతాబ్దమున పోసినది. చేతులు మాఱి మాఱి ఉత్తరపుసముద్రము చేరినది. దాని మెడకు తోలుపట్టె చుట్టియుండుటనుబట్టి యెవ్వరో దానిని తాయెత్తువలె ధరించిరని యూహింతురు. అంతదూర మేల? 1786 ప్రాంతమున మన నెల్లూరికి సమీపముననే యొక కాపు దున్నుచుండగా నాగలికఱ్ఱు ఇటుకకట్టడమునకు తగిలినది. పాడుపడిన చిన్నగుడి క్రింద కుండ. కుండలో రోమను చక్రవర్తులు ట్రాజను, హేడ్రియనుల యొక్కయు, ఫాస్టీనారాణి యొక్కయు బంగారునాణెములు. చాలవఱకు కరగిపోయినవి, ముప్పదికి పైగా దక్కినవి. వానిని గూర్చి చెన్నపట్టణపు గవర్నరు డేవిడ్సను వ్రాసిన లేఖలో, కొన్నింటికి బెజ్జము లున్నవనియు, అవి చేతికో మెడకో నగలుగా కట్టుకొన్నవై యుండవచ్చుననియు నున్నది. అనగా పదునెనిమిదివందల యేండ్లకు పూర్వపు రోమురాణి మొగము ఏ కాలముననో మన నెల్లూరి యాడువారి రొమ్ములమీద వ్రేలాడినది. మన కాసులదండకు పూర్వులు ఎచ్చటివారో యెవ్వరెఱుగుదురు? ఈ యుపన్యాసమునంతయు విని మేనత్తగారు, "కాసులంటే బంగారం నాయనా, ఇది వెండి గదా!" అనిరి.

మేము అంతటితో నూరకుండక మేనకోడలిని పరీక్షింపబూనితిమి. మా చిన్ననాటి పులిగోరు పతకము ఇప్పటికిని పెట్టెలో నున్నది. 1972 నాటి వన్యప్రాణిసంరక్షణ చట్టము తరువాత దానిని ధరించుట సంగతి యటుండ, ఉంచుకొనుటయే చిక్కు. గోరు ధైర్యము నిచ్చునని మాకు కట్టిరి. మేము కుక్కలకును చీకటికిని భయపడుచునే పెరిగితిమి. కావున "సుత్తి కట్టుకొన్నంతమాత్రమున పిడుగు పడకుండునా?" అని యడిగితిమి. "పడకుండదు మామయ్యా. దీన్ని ఇచ్చిన స్నేహితురాలు ఆ పాత మతాన్ని నమ్ముతుంది. నేను ఆ పిల్లని నమ్ముతాను, అంతే" అని బదులుపలికెను. ఆ మతము మరల తలయెత్తి చాలకాలమైనదనియు, ఐస్‌లాండు ప్రభుత్వము 1973లోనే దానిని గుర్తించినదనియు, అమెరికాలో 2013నుండి సైనికుల సమాధిఫలకములమీద సుత్తిని చెక్కుటకు అనుమతి కలదనియు చెప్పెను. జర్మనీ నాజీలు మన స్వస్తికమువలెనే ఆ జనుల ప్రాచీనలిపిని గూడ చెఱపట్టి మలినపఱచిరనియు, నేడును కొందఱు జాతిద్వేషులు సుత్తిని ధరింతురనియు, అందుచేత ఓస్లోలో నొకరు తన మెడ చూచి తన్ను ప్రశ్నించిరనియు దాచక చెప్పెను. లోహమునకు బుద్ధి లేదు, మెడకే యుండవలెను.

ఆ రాత్రి వసారాలో దీపము క్రింద కథ సాగినది. అక్కగారి యొడిలో చుక్కమ్మ. థోరుడు ఒకపరి రాక్షసుల కొలువునకు పోగా, అచ్చటి రాజు తన బూడిదరంగు పిల్లిని చూపి దీనిని నేలనుండి యెత్తుమనెనట. మహాబలుడు ఎంత పెనగినను దాని యొక్కకాలు మాత్రమే లేచెను. అది పిల్లి కాదు. భూమండలమును చుట్టియున్న మహాసర్పము. అక్కగారు వెంటనే, "భీముడు హనుమంతుడి తోక ఎత్తలేకపోయినట్టు!" అనిరి. వారి మొగమున నంతటి యుత్సాహము మేము చాలకాలమునకు చూచితిమి. "ఆ దేశంలో పిల్లికి ఇంకేమైనా మర్యాద వుందా?" అని తామే యడిగిరి.

ఉన్నది. ఫ్రేయా యను దేవత రథమును లాగునవి పిల్లులే. పదమూడవ శతాబ్దమున ఐస్‌లాండు పండితుడు స్నోర్రి స్టుర్లుసన్ వ్రాసిన గ్రంథములో నిది యున్నది. మన షష్ఠీదేవికిని పిల్లి వాహనమని వంగదేశమువా రందురు. కాన్పులనాటి తల్లులను శిశువులను కాచు దేవత యామె. అచ్చట వాహనము, ఇచ్చట నపశకునము! అయినను ఆ నార్సుజనులను మఱీ మెచ్చుకొనవలదు. వారి కథలలోనే యొక జోస్యురాలు పిల్లితోలు చేతితొడుగులు ధరించి వచ్చును. పిల్లితోళ్ల వ్యాపారమును వారు చేసిరి. మ్రొక్కుటయు ఒలుచుటయు ఒక్క చేతితోనే చేయగల నేర్పు మనుష్యజాతి కంతకును సామాన్యము.

"ఆ అమ్మకి మొగుడున్నాడా?" అని యక్కగారు మెల్లగా అడిగిరి.

ఉన్నాడనియు, ఓద్ అని యాతని పేరనియు, దూరదేశములకు పోయి రాలేదనియు, ఆమె పేరులు మార్చుకొని దేశదేశములు వెదకెననియు, ఆమె కార్చిన కన్నీరు ఎఱ్ఱని బంగారమయ్యెననియు మేనకోడలు చెప్పెను. ఆమెకు బ్రీసింగమెన్ అను గొప్ప కంఠహారము కలదని గూడ చెప్పెను.

"మొగుడు పోయినా మెళ్ళో దండ తియ్యలేదా?"

"తియ్యలేదు పెద్దమ్మా. తియ్యమని ఎవరూ అనలేదు."

అక్కగారు పిల్లి వీపు నిమురుచు మఱేమియు ననలేదు. మేనకోడలు లోనికి పోయి చిన్నపెట్టె తెచ్చి వారి చేతిలో పెట్టెను. వెండిగొలుసునకు వేలిగోరంత పిల్లిబొమ్మ. "అమ్మ పెళ్ళికి నీ కాసులదండ ఇచ్చావంట గదా. ఇది దానికి బదులు కాదు. ఊరికే తెచ్చినాను" అనెను. అక్కగారు దానిని దీపమునకెదురుగా పట్టి చూచి, బాగున్నదని, తిరిగి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను బియ్యపుడబ్బా వెనుక దాచిరి. మేనత్తగారు ఏమియు ననలేదు. అనవలసిన యక్కరయే కలుగలేదు.

కనుమ నాడు కాకి కూడ కదలదందురు గనుక ఆ దినము కడచినది. మఱునాటి యుదయమున మా కుమారుడు ఉద్యోగపుపరీక్షకు నెల్లూరు పోవలసియుండెను. బండి వాకిట నిలిచినది. చుక్కమ్మ మెట్టుమీద ఎండ కాచుకొనుచున్నది. అక్కగారు ముగ్గుగిన్నెతో గేటు కడ నున్నారు. ముగ్గు ఇంకను పూర్తి కాలేదు. గదిలోనుండి "దారి చూడండి!" అని కేక వచ్చినది. మేము చేతికఱ్ఱతో పిల్లిని అదలించి, ఆ చేతితోనే, ఆ కఱ్ఱతోనే, "అక్కా, కొంచెం లోపలికి" అంటిమి.

అక్కగారు ముగ్గుగిన్నె క్రిందపెట్టి లోనికి పోయిరి. పిల్లి వారి వెంట పోయినది. బండి కదలినది. మేనకోడలు మా ప్రక్కన నిలువబడి, కోపము లేని స్వరముతో, "మామయ్యా, ఇప్పుడు కఱ్ఱ ఎవరివైపు చూపించావు?" అని యడిగెను.

మేము సమాధానము చెప్పలేదు. 1856లో వితంతుపునర్వివాహ చట్టము వచ్చెననియు, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహము జరిపించిరనియు సభలలో తారీఖులతో సహా చెప్పగలము. 2022లో మహారాష్ట్రమున కొల్హాపురము జిల్లా హేర్వాడు గ్రామపంచాయతి, గాజులు పగులగొట్టుట మొదలగు తంతులను మానవలెనని తీర్మానించినప్పుడు దానిని కత్తిరించి దాచుకొంటిమి. వివాహమువంటి పెద్దసంస్కారమును సమర్థించుట మాకు సులభమైనది, ఏలన మా యింట ఆ ప్రశ్న రానేలేదు. రాకుండ చూచినవారము గూడ మేమే యేమో! తలుపు కడ నిలుచుట యనునది దినదినమును వచ్చు ప్రశ్న. దానికి చట్టము లేదు, తారీఖు లేదు.

నాలుగుదినములకు మేనకోడలు తిరుగుప్రయాణమైనది. పెట్టెలు బండి కెక్కించి, గడపలో నిలిచి, "పెద్దమ్మా, ఎదురు రా. నువ్వు రాకుంటే నేను కదలను" అని మొండికెత్తినది. మేనత్తగారు గదిలోనుండి రెండుసార్లు దగ్గిరి. మా గృహిణి మా వంక చూచెను. చివరకు అక్కగారు వచ్చిరి. చంకలో చుక్కమ్మ, మెడలో ఆ పిల్లిబొమ్మ, పైటచెంగు దానిమీదికి సగము లాగికొన్నారు. మేనకోడలు వంగి పాదములకు నమస్కరించి బండి యెక్కెను.

ఇచ్చట కథ శుభముగా ముగిసినచో బాగుండును. కాని చెన్నపట్టణమున విమానము ఐదుగంటలు ఆలస్యమైనది. పిల్ల పెట్టెలలో నొకటి మూడుదినముల తరువాత గాని ఓస్లో చేరలేదు. చరవాణిలో వార్త తెలియగానే మేనత్తగారు "నేనేమైనా అన్నానా?" అనిరి. వారు నిజముగా నేమియు ననలేదు. ఆ రాత్రియే పిల్లిబొమ్మ బియ్యపుడబ్బా వెనుకకు తిరిగిపోయినది. ఆ దినమున చెన్నపట్టణమునుండి ఆలస్యముగా లేచిన యా విమానములో కూర్చున్న వందలకొలది జనులకు వారి వారి యిండ్లలో ఎవ్వరెదురు వచ్చిరో కనుగొనవలెనని మేము వాదించితిమి. వాదము బాగున్నది. పతకము మాత్రము పెట్టెలోనే యున్నది.

పదిదినములు చూచి, ఒక సాయంకాలము వంటయింటిలోనికి పోయి, పీట వాల్చుకొని కూర్చుండి, "అక్కా, ఇకమీద నేను బయలుదేరేటప్పుడు నువ్వు గేటుకాడ వుండాల" అని అడిగితిమి. అక్కగారు చింతపండు పిసుకుచు తల యెత్తకయే, "నలభైయారేండ్లయింది. ఇన్నాళ్ళూ ఏం జేస్తన్నావబ్బయా?" అనిరి. వారి స్వరమున నిష్ఠురమైనను లేదు. అది ప్రశ్న, మాకు జవాబు లేదు. కొంతసేపటికి వారే, "అత్తకి చెప్పు ముందు. ఆ గది తలుపు తియ్యమను. ఆమె లోపలుండి నేను వాకిట్లో నిలబడితే ఏం బాగుంటది?" అనిరి. ఇది మాకు స్ఫురింపనే లేదు. సంస్కర్తలమని చెప్పుకొను మేము ఒక్కరిని మాత్రమే లెక్కపెట్టితిమి. వారు ఇద్దఱిని లెక్కపెట్టిరి.

మేనత్తగారితో మాటాడుట సులభము కాలేదు. మూడు పర్యాయములు మమ్ము కసరిరి. నాలుగవ పర్యాయము ఏడ్చిరి. తలుపు తీయుటకు మాత్రము ఒప్పుకొన్నారు, వెలుపలికి రారట. ఇప్పుడు తలుపు బార్లా తెఱచి, మంచముమీద కూర్చుండి, బయలుదేఱువారిని చూచుచుందురు. "దారి చూడండి" అను కేకయు వచ్చుచునే యున్నది. కాని దాని యర్థము రోడ్డుమీద లారీలను చూచుకొమ్మనుట యని యిటీవల వారు చెప్పుచున్నారు.

గాదెలో చుక్కమ్మ నాలుగు పిల్లలను పెట్టినది. వడ్లకు ఎలుకలు పట్టినవని, సుత్తికి కొడవలిని వెదకిన మా పొరుగు పెద్దమనిషి వచ్చి యొక పిల్లను అడిగి తీసికొనిపోయెను. సంచిలో దాచుకొని పోయెను, వీధిలో నెవ్వరికైన ఎదురగునేమో యని.

మొన్న శుక్రవారమున మేము పనిమీద నెల్లూరు బయలుదేఱితిమి. నార్సుజనుల ఫ్రిగ్గుదేవి పేరిట ఇంగ్లీషువారు ఫ్రైడే యను దినమది; మన యిండ్లలో లక్ష్మి యని ఇంటి సొత్తు గడప దాటనీయని దినము. అక్కగారు గేటు కడ నిలిచియుండిరి. మెడలో వెండిపిల్లి యున్నది. గొలుసును చుక్కమ్మ పంజాతో లాగి త్రెంచుటచేత నల్లదారమునకు కట్టుకొన్నారు. పిల్లిపిల్ల లిద్దఱు మా కాళ్లకు అడ్డముగా పరుగెత్తినవి. మేము నమస్కరించి, బస్సుకొఱకు రోడ్డుమీదికి వచ్చితిమి. బస్సు అరగంట యాలస్యముగా వచ్చినది.